మాటల రీడింగు

నాకు సున్నా వేశారు. అది తప్పు రీడింగు. ముప్పై నాలుగేళ్లు పాలు పరీక్షించినవాణ్ణి, తప్పు రీడింగు ఏదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మా పాల సంఘం ఆ సున్నాకి శాలువా కప్పింది, ఫోటో తీసింది, నోటీసు బోర్డుకి అంటించింది. తీసెయ్యమని అడిగాను. తియ్యలేదు.

నా పేరు పెచ్చెట్టి భీమేశ్వరరావు. కాలవ గట్టు మీదున్న పాల శీతలీకరణ కేంద్రంలో సీనియర్ టెస్టరుగా చేశాను. చదువు మా ఊరి హైస్కూల్లో పదో తరగతి. చుట్టుపక్కల ఇరవై రెండు ఊళ్ల పాలు రెండు పూటలా మా కేంద్రానికి వస్తాయి. నేను నమూనా తీసేవాణ్ణి, యంత్రం కింద పెట్టేవాణ్ణి, వెన్న శాతం పైకి చదివేవాణ్ణి. ఆరు పాయింట్ రెండు. అయిదు పాయింట్ ఎనిమిది. అంతకు మించి నోరు తెరిచేవాణ్ణి కాదు. "మొన్నటికంటే తగ్గిందేంటండి, అదే గేదె, అదే గడ్డి" అని పాలు తెచ్చిన ఆడవాళ్లు అడిగేవారు. నేను తర్వాతి సీసా తీసుకునేవాణ్ణి.

నా భార్య సీతారత్నం పోయి మూడేళ్లయింది. పిల్లలు లేరు. ఈ వ్యవహారం మొదలయ్యేనాటికి రిటైర్మెంటుకి ఏడు నెలలుంది. అంతకుముందు ఏడాది జ్వరం వచ్చి మూడు రోజులు ఇంట్లో ఉండిపోయాను. మూడో రోజుకి, గోడ అవతల మరదలు అనసూయ పప్పు కడుగుతున్న చప్పుడు చెవి ఒగ్గి వింటూ దొరికిపోయాను, నాకు నేనే. లేచి డ్యూటీకి వెళ్లిపోయాను. ఆ వారమే రెండేళ్ల పొడిగింపుకి దరఖాస్తు పెట్టాను. ఈ వ్యవహారం మొత్తంలో నాకు కావలసింది ఆ పొడిగింపు ఒక్కటే. మిగతా గొడవంతా వాళ్లది.

గొడవ ఒక శిక్షణ తరగతితో మొదలైంది. పట్నం నుంచి ఒక మేడం వచ్చింది. పైకి మర్యాదగా ఉంటూ, లోపల ఆడవాళ్లని ఒక మెట్టు కింద నిలబెట్టే మాటలుంటాయని చెప్పింది. "ఆడపిల్లవైనా లెక్క ఎంత బాగా కట్టావమ్మా" లాంటివి. తిట్టు కాదు, మెచ్చుకోలే. కాబట్టే పట్టుకోవడం కష్టం అంది. నలభై ప్రశ్నల కాగితం పంచింది. మగ సిబ్బంది ఇరవై ఆరుగురం ఒకరి కాగితం ఒకరు చూసి అన్నిటికీ సరైన జవాబు దగ్గర టిక్కు పెట్టాం. మా కేంద్రంలో వివక్ష లేదని తేలింది. కాగితాలు పోగుచేసి, టీ గ్లాసులు కడిగి పెట్టింది ఝాన్సీ. ఝాన్సీ డెయిరీ డిప్లొమా చదివిన టెస్టరు.

మేడం ఆ కాగితాలు చూసి నవ్వింది. "వీటివల్ల తెలీదండి. రోజూ ఏం మాట్లాడుకుంటారో వినాలి. ఓపిగ్గా వినాలి" అని చెప్పి బస్సెక్కేసింది.

మా మేనేజరు సత్తిరాజు గారికి వినడం అన్న మాట ఎక్కలేదు. మర్నాడే అందరినీ పిలిచారు.

"పాడి పరిశ్రమలో కొలవలేనిదంటూ లేదు," అన్నారు. "పాలలో వెన్న కంటికి కనిపిస్తుందా? కనిపించదు. అయినను శాతం తీయుచున్నామా లేదా? అదే విధంగా పురుష సిబ్బంది సంభాషణ యందు అంతర్లీనంగా ఉన్న సూక్ష్మ వివక్షను, పూటకొక నమూనా చొప్పున సేకరించి, శాస్త్రీయంగా శాతం నిర్ధారించడం జరుగుతుంది."

ట్యాంకరు డ్రైవరు దొరబాబు చెయ్యెత్తాడు. "నమూనా అంటే ఎలాగండి, నోటికాడ సీసా పెడతారాండి?"

"మాటను చీటీపై నమోదు చేయడం జరుగుతుంది."

"ఎవరు రాస్తారండి?"

"మహిళా సిబ్బంది."

"ఆళ్లకి అంత తీరికెక్కడిదండి. కబుర్లకే టైం చాలదు గదా."

సత్తిరాజు గారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఇదియును నమూనాయే. ఝాన్సీ, రాసుకోమ్మా. అలాగే అందరికీ టీ చెప్పు."

ఝాన్సీ దొరబాబు మాటా, ఆ టీ మాటా రెండూ రాసుకుంది. ఆయన రెండోది చూసుకోలేదు.

చివర్లో ఆయన ఇంకో సంగతి చెప్పారు. ఈ ఏడాది రిటైరయ్యేవాళ్లు ముగ్గురు: నేను, దొరబాబు, బాయిలరు దగ్గర పనిచేసే సూర్యచంద్రం. పొడిగింపు ఒక్కరికే. అది ఈ రీడింగుల ఆధారంగా ఇస్తారు. దొరబాబు సూర్యచంద్రాన్ని చూశాడు. సూర్యచంద్రం నన్ను చూశాడు. నేను గోడని చూశాను.

పద్ధతి ఇది. ఆడవాళ్లతో మగ ఉద్యోగి అన్న మాట చీటీ మీద రాసి, మడిచి, నమూనా సీసాలో వేసి, మూత పెట్టి, లేబులు అంటించి, నాలుగు డిగ్రీల దగ్గర ఉంచాలి. చీటీకి చల్లదనం ఎందుకని ఝాన్సీ అడిగింది. నమూనాలన్నీ చల్లగా ఉంచవలెనని నియమావళిలో ఉందన్నారు. తేమకి అక్షరాలు అలుక్కుపోయాయి. అలుక్కుపోయిన చీటీలకి సగటు వేశారు. మొత్తం మాటల్లో దోషమున్న మాటలెన్నో లెక్కగట్టి, భాగించి, దశాంశం తర్వాత ఒక అంకె వరకు శాతం తియ్యాలి. భాగించే పని నాది. నా చేతి మీదుగా తప్పు అంకె ఎన్నడూ పోలేదని సత్తిరాజు గారు నలుగురి ముందూ అన్నారు. నిజమే. అప్పటికి పోలేదు.

మొదటి వారం రీడింగులు బోర్డు మీద పెట్టాం. అలవాటు కొద్దీ ఎక్కువ శాతం పైన రాశాం, తక్కువ శాతం కింద రాశాం. ఇక్కడ మావాళ్లు పడ్డ పొరపాటు బయటివాళ్లెవరూ పడరు. పాల కేంద్రంలో పనిచేసేవాడికి ఎక్కువ శాతం అంటే మంచి పాలు.

దొరబాబుకి 8.4 వచ్చింది. "గేదె పాలండి మనవి," అని పూతరేకులు పంచాడు. సత్తిరాజు గారు కూడా ఒకటి తీసుకున్నారు. సూర్యచంద్రానికి 3.1. అతన్ని ఆవు పాలన్నారు, నీళ్ల పాలన్నారు. పాపం అతను తల ఎత్తుకోలేక ఝాన్సీ బల్ల దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, ఇది పెరగాలంటే ఏం చెయ్యాలమ్మా?"

"మీ ఆవిణ్ణి ఇంట్లో ఏమంటారండి మీరు?"

"ఏమంటాను, పేరెట్టి పిలుస్తాను. ఏమన్నా తప్పాండి?"

"తప్పేం లేదు. అలాగే ఉండండి."

"అలాగుంటే పొడిగింపెలా వస్తదమ్మా?"

అతను దొరబాబు దగ్గర పాఠం చెప్పించుకున్నాడు. రెండు రోజుల తర్వాత ఝాన్సీ ముందుకొచ్చి, చేతులు కట్టుకుని, "ఆడోళ్లకి మిషన్లెందుకమ్మా, చేతులు కందిపోతాయి" అని అప్పజెప్పాడు. ఆమె చీటీ రాసిందో లేదో తొంగి చూసుకుని వెళ్లాడు. ఆ వారం అతనికి 6.9.

నాకు 0.0. బోర్డు అట్టడుగున ఉన్నాను. దొరబాబు నా భుజం మీద చెయ్యేసి, "దిగులెట్టుకోకండి మాస్టారూ, వయసు" అన్నాడు. తక్కువ ఉంటేనే మంచిదని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. సూర్యచంద్రం చెడిపోతుంటే కూర్చుని భాగించాను.

మూడో వారం పెద్దాఫీసు నుంచి కాగితం వచ్చింది. సదరు శాతము వెన్న శాతము వంటిది కాదనియు, తక్కువగా ఉండుటయే శ్రేయస్కరమనియు, ఇందువలన మిఠాయి పంపిణీ తక్షణం నిలిపివేయవలెననియు అందులో ఉంది.

దొరబాబు గంటసేపు తల పట్టుకుని, తర్వాత లేచాడు. శాతం ఎలా తగ్గించాలో పాల కేంద్రంలో ఎవరికీ నేర్పక్కర్లేదు. నీళ్లు కలపాలి.

మర్నాడు అతను ఝాన్సీ దగ్గరికొచ్చి ఊపిరి తీసుకున్నాడు. "ఝాన్సీ గారండీ, రావులపాలెం, కొత్తపేట, అంబాజీపేట, అమలాపురం, ముమ్మిడివరం, ఆడోళ్లు లెక్క తొందరగా తేల్చరు గాని, సోమవారం, మంగళవారం, బుధవారం, గురువారం, ఆ ట్రిప్పు షీటు ఇప్పించండి, శుక్రవారం, శనివారం."

"ఆదివారం వదిలేశారండి," అంది ఝాన్సీ రాస్తూ.

"అది రేపటికి."

నేను భాగించాను. దోషం అంతే ఉంది, మాటలు పెరిగాయి, శాతం దిగింది. సూర్యచంద్రం పదమూడో ఎక్కం పట్టుకున్నాడు. ఇంకొకాయన వాళ్ల ఇంటి పేరు గలవాళ్లందరినీ వరసగా చదివేవాడు. రాసి రాసి ఆడవాళ్ల వేళ్లు వాచాయి. పాలు పరీక్షించేవాళ్లు లేక క్యాన్లు గుమ్మం దాకా నిలిచిపోయాయి. చివరికి సత్తిరాజు గారు, విషయంతో సంబంధం లేని పదములు నీరుగా పరిగణించబడునని ఉత్తర్వు ఇచ్చి, నీరు పట్టుకోవడానికి ముగ్గురు సభ్యుల సంఘం వేశారు. ముగ్గురూ మగవాళ్లే. ఆడవాళ్లకి రాతపని ఉందిగదా అన్నారు.

నీళ్లు కూడా పట్టుబడ్డాక మగవాళ్లకి ఒక్క దారే మిగిలింది. మాట్లాడ్డం మానేశారు.

ఝాన్సీ ఎదురొస్తే పక్కకి తిరిగేవారు. కావలసినది వేలితో చూపించేవారు. వారం తిరక్కుండా బోర్డు నిండా సున్నాలు. సత్తిరాజు గారు పెద్దాఫీసుకి రాశారు: సూక్ష్మ వివక్షను సమూలంగా నిర్మూలించిన తొలి కేంద్రంగా మమ్మల్ని గుర్తించవలసిందని.

ఆ నెలలోనే ఒక ఉదయం చల్లబరిచే యంత్రం ఆగిపోయింది. మొదట చూసినవాడు దొరబాబు. ఆ పూట యంత్రం బాధ్యత ఝాన్సీది. ఆమె పది అడుగుల దూరంలో తల వంచుకుని చీటీలు సర్దుకుంటోంది. దొరబాబు ఆమెకి చెప్పలేదు. చెప్పడానికి మగవాణ్ణి వెతుక్కుంటూ వెళ్లాడు. సూర్యచంద్రం దొరికాడు. సూర్యచంద్రం కూడా ఆమెతో అనలేడు కదా, నా దగ్గరికి వచ్చాడు. నేను వెళ్లి పాల ట్యాంకు మీద డిగ్రీలు చూపించే ముల్లు చూశాను. ఝాన్సీ ముందు నిలబడ్డాను.

"పద్దెనిమిది," అన్నాను.

"పద్దెనిమిది ఏంటండి? ఎవరి శాతం?"

నాకు అంకె చెప్పడం వచ్చు. దాని తర్వాత మాట రాలేదు. ఆమె నా మొహం చూసి, కాసేపటికి ట్యాంకు వైపు చూసి, పరిగెత్తింది. అప్పటికి పూట పాలన్నీ విరిగిపోయాయి. ఇరవై రెండు ఊళ్ల పాలు కాలవలో తెల్లగా పోతుంటే గట్టు మీద నిలబడి చూశాం.

"ఎదవా అని తిట్టి చెప్పినా బాగుండేదండి," అంది ఝాన్సీ. "పాలుండేవి."

సత్తిరాజు గారి నివేదికలో చివరి వాక్యం నాకు గుర్తుంది. పాలు విరిగినప్పటికీ, సంఘటన యావత్తులోను మహిళా సిబ్బందితో ఎట్టి అనుచిత సంభాషణయు జరిగియుండలేదు.

ఇక పొడిగింపు సంగతి. ముగ్గురికీ సున్నాయే. తేల్చడానికి పెద్దాఫీసు ఇంటి నమూనా కావాలంది. భార్య వచ్చి ఆ ముగ్గురు సభ్యుల సంఘం ముందు చెప్పాలి.

దొరబాబు భార్య నాలుగు పేజీలు రాసుకొచ్చింది. చదవడం పూర్తి చేసి ఇంకో రెండు కాగితాలు ఇప్పించమంది. దొరబాబు బయట ట్యాంకరు చక్రం పక్కన కూర్చుండిపోయాడు. సూర్యచంద్రం భార్య, "మా ఆయన బంగారమండి" అని మొదలుపెట్టింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఈమధ్యే కొత్తగా 'ఆడోళ్లకెందుకు' అంటన్నారండి. అడిగితే ఆఫీసులో నేర్చుకోమన్నారంటన్నారు. అది మాన్పించండి బాబూ, మీ పుణ్యముంటది." 2.6.

నాకు భార్య లేదు. దానికీ నియమం ఉంది. భార్య మరణించియున్నచో, సదరు దంపతుల సంభాషణ వినబడు దూరంలో పది సంవత్సరములకు తక్కువ కాకుండా నివసించిన స్త్రీ బంధువు హాజరు కావలెను. అనసూయ వచ్చింది. సీతారత్నం చెల్లెలు. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. ఇస్త్రీ చీర కట్టుకుని కుర్చీ అంచు మీద కూర్చుంది. మా సంఘం ముందు కూర్చోబెట్టి అడిగితే ఎవరైనా భయపడతారు. ఆమె భయపడలేదు.

"సదరు భీమేశ్వరరావు గారు తమ సతీమణిని చులకన చేసి మాట్లాడగా మీరు వినియున్నారా?" అని సత్తిరాజు గారు అడిగారు.

"లేదండి."

"వంట బాగోలేదని గాని?"

"లేదండి."

"బాగున్నదని గాని? మెచ్చుకోలు యందును సూక్ష్మ వివక్ష ఉండవచ్చును."

"అబ్బే. అలాంటియ్యేం లేవండి."

"నీకేం తెలుసు, ఊరుకో, వంటి పదజాలం?"

"ఊరుకోమనాలంటే ముందు అక్క ఏదో ఒకటి మాట్లాడాలి గదండి. కొత్తలో మాట్లాడేది. తర్వాత మానేసింది."

"అయినచో మొత్తం మీద ఏ మాటలు వినియున్నారు?"

అనసూయ వేళ్లు మడిచింది. "అన్నం పెట్టు. తలుపేసుకో. గొడుగేది. వెళ్లొస్తానని అనేవారు కాదండి, చెప్పుల చప్పుడు బట్టి తెలిసేది." ఇంకో వేలు మడవబోయి ఆగింది. "అంతేనండి."

"గొడుగు యందు దోషం లేదు," అన్నాడు ఒక సభ్యుడు.

"ముప్పై ఏళ్లండి," అంది అనసూయ. "ఆ ఇంట్లో ఇద్దరున్నారంటే కొత్తగా అద్దెకొచ్చినోళ్లు నమ్మేవోళ్లు కాదు."

సత్తిరాజు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ముప్పై సంవత్సరాల దాంపత్యంలో ఒక్క దోషం లేదు. ఇటువంటి పురుషుడు మన సంఘంలో ఉండటం మన అదృష్టం," అన్నారు. రిజిస్టరులో 0.0 స్వయంగా రాశారు. కింద సంతకం పెట్టమన్నారు. పెట్టాను. సంతోషంగా పెట్టాను. అది దాచను. మళ్లీ రెండేళ్లు క్యాన్లు, సీసాలు, ఇరవై రెండు ఊళ్ల వరస అనుకుంటూ పెట్టాను.

అనసూయని ఆటో ఎక్కించడానికి గేటు దాకా వెళ్లాను. ఏదైనా అనాలనిపించి, "ఎండగా ఉంది" అన్నాను. నా మట్టుకు అది ఉపన్యాసం.

"బాగానే చెప్పానా బావగారూ?"

"ఊఁ."

"ఒక్కటి చెప్పలేదండి. వాళ్లడగలేదు." ఆమె రోడ్డు వైపే చూస్తోంది. "అక్క పగలల్లా రేడియో వినేది. పాటలు, వార్తలు, ఎరువుల ధరలు, ఏదొస్తే అది. మీ సైకిలు మలుపు తిరిగిందంటే చాలు, కట్టేసేది. ఎందుకే, ఆయన వద్దన్నారా అని అడిగాను ఓసారి. లేదే, ఏమన్నా అంటారేమో, ఆ మోతలో వినపడకుండా పోద్దేమో అంది."

ఆటో వచ్చి ఆగింది. ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది.

"ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజు దాకా కట్టేసిందండి," అని ఎక్కింది.

లోపలికి వెళ్లి రిజిస్టరు అడిగాను.

పాలు పరీక్షించేవాళ్లందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. యంత్రం కింద ఖాళీ సీసా పెట్టినా సున్నాయే చూపిస్తుంది. అందుకని సీసాలో పాలు లేకపోతే సున్నా వెయ్యకూడదు. నమూనా లేదు అని రాయాలి. సున్నా వేస్తే, తర్వాత చూసేవాడు అక్కడ పాలున్నాయనుకుంటాడు. ఈ తప్పు చేసినందుకు ఇద్దరు కుర్రాళ్లని పనిలోంచి పంపించేశాను, నా సర్వీసులో. బతిమాలినా వినలేదు.

0.0 కొట్టేశాను. నమూనా లేదు అని రాశాను.

"ఏమిటిది?" అన్నారు సత్తిరాజు గారు.

"తప్పండి. సరిచేశాను."

"టెస్టరు తన నమూనాను తాను పరీక్షించుకోరాదని నియమావళి. పైగా సున్నా అని పెద్దాఫీసుకి ఫోనులో తెలియజేయడం జరిగింది. ఛైర్మన్ గారు శాలువా తెప్పిస్తున్నారు."

"అక్కడ ఏమీ లేదండి. ఏమీ లేనిచోట సున్నా వెయ్యకూడదు."

"మీ వినయం చూసి నేర్చుకోవలసినది ఎంతైనా ఉంది."

"వినయం కాదు. తప్పు."

ఝాన్సీ చీటీల మీంచి తలెత్తింది. "రాయనివ్వండి సార్. ఆయన అంకెలు కాకుండా ఇంత మాట్లాడ్డం నేనెప్పుడూ చూళ్లేదు."

సత్తిరాజు గారు సొరుగులోంచి వైట్‌నర్ తీశారు. నా రాత మీద పూసి, ఊది, ఆరాక దానిమీద 0.0 వేశారు. ముందటికంటే గుండ్రంగా వేశారు.

పొడిగింపు ఉత్తర్వు వారంలో వచ్చింది. దాంతో ఒక అదనపు బాధ్యత కూడా ఇచ్చారు. జిల్లాలోని పన్నెండు కేంద్రాలకి వెళ్లి, ఇంట్లో భార్యతో ఎలా మెలగాలో పురుష సిబ్బందికి నేను శిక్షణ ఇవ్వాలి. ఉత్తర్వు తిరిగి పంపించేశాను. కారణం అని ఉన్నచోట ఏమీ నింపలేదు. పొడిగింపు సూర్యచంద్రానికి ఇచ్చారు. శిక్షణ కూడా అతనే ఇస్తున్నాడని విన్నాను.

ఆగస్టు ఆఖరున రిటైరయ్యాను. శాలువా కప్పి మైకు ముందుకి తోశారు. రెండు నిమిషాలు నిలబడ్డాను. ఒక్క మాట రాలేదు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు ఇంట్లో ఉంటున్నాను. ఈ సంగతి చెప్పడం ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఇంకెప్పుడూ మాట్లాడను. సీతారత్నం పేరు నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు. ఎత్తితే కోప్పడతానని కాదు. ఏమీ అనను.